సగం దించిన షట్టర్

రాజమండ్రి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే నాగేశ్వరప్రసాద్ ఆ ఉదయం వేసుకున్న లెక్క చిన్నదే. పెళ్ళిళ్ళ సీజను కాదు, ఎండ ముదిరేదాకా బేరాలు రావు. ఈలోగా ఒక పాత క్యాసెట్ వినాలి. అది అతనికి ప్రాణమైన రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్. తళుకుల్లేవు. బ్లూస్ పాటల మూలుగు, ఏడ్చే గిటారు, అంతే. కాలేజీ రోజుల్లో అతనూ శాంతికుమారూ చెరిసగం వేసుకుని కొన్నారు. తర్వాత బ్యాండు డిస్కోలోకి దిగితే, అదే గొప్పదని శాంతికుమార్ వాదించాడు. ఆ తగాదాలో మాటలు తెగాయి. పక్కనే ధవళేశ్వరంలో ఉంటూ కూడా మనిషి ఈ కొట్టు గుమ్మం తొక్కలేదు. తర్వాత స్నేహితులు చాలామందే దొరికారు గానీ, ఆ సరుకు మళ్ళీ దిగలేదు.

రోడ్డు రొద అడ్డం రాకుండా ప్రసాద్ షట్టర్ సగం దించి, కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నాడు.

ఆ బజారులో ఎవరైనా పోతేనే షట్టర్లు సగం దిగుతాయి. ఎదురు బట్టల కొట్టు సత్తిరాజు వచ్చి వంగి చూశాడు. లోపల ఎవరిదో ఏడుపు, కుర్చీలో కదలని ప్రసాద్.

"ప్రసాద్ గారూ! ఏవండీ!"

గిటారు మోతలో ఆ పిలుపు వినపడలేదు. సత్తిరాజు ముందు తన షట్టర్ సగం దించి, ఆపైన తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. కాసేపట్లో బజారంతా షట్టర్లు సగం దిగాయి.

క్యాసెట్ ఒక వైపు అయిపోవస్తుండగా భార్య రమాదేవి ఫోను చేసింది.

"ఏవండీ, మీరు పోయారటగా?"

"ఎవరన్నారే?"

"సత్తిరాజు గారు. లోపల ఏడుపులు కూడా విన్నారట. మీ పాటలేనని నాకు తెలుసు కదా. ఇంతకీ భోజనానికి వస్తారా, రారా? బియ్యం కడగాలి."

షట్టర్ ఎత్తబోయిన ప్రసాద్‌కు దాని కింద రెండు కాళ్ళు కనిపించాయి. ఎడమ చెప్పు ఈడ్చే ఆ నడక ఎవరిదో ఎన్నేళ్ళయినా మరిచేది కాదు. గబగబా వెళ్ళి కుర్చీలో వాలి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

శాంతికుమార్ దండతో వంగి లోపలికొచ్చాడు. పాట విని అక్కడే నిలబడిపోయాడు.

"ఒరేయ్, ఇదేరా మంచిది. నాకెప్పుడో తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు."

ప్రసాద్ ఒక కన్ను తెరిచాడు. "మళ్ళీ అను."

శాంతికుమార్ చేతిలో దండ కిందపడింది. ముక్కు చీదుకుని, "అది పోయినవాడితో అన్న మాట. ఉన్నవాడికి చెల్లదు," అన్నాడు.

"చెల్లకపోతే పోనీలే, కూర్చో. రెండో వైపు ఒక్కడినే ఎప్పుడూ వినబుద్ధి కాలేదురా."

శాంతికుమార్ వెళ్ళి, షట్టర్ పూర్తిగా కిందికి లాగాడు. లోపల మళ్ళీ ఏడుపు మొదలైంది.

రోడ్డుకు అవతల సత్తిరాజు ఫోను తీశాడు.

"ఇప్పుడు ఇద్దరూనండి."