నిలవని మోజుల కమిటీ

ఇప్పుడు జనం ఎగబడుతున్న మోజుల్లో ఏవేవి పాతికేళ్ల తర్వాత తలుచుకుంటే సిగ్గేస్తుందో ముందే కనిపెట్టి, వాటిని మొలకలోనే తుంచివెయ్యాలని మన ప్రభుత్వం నిశ్చయించింది. వేరే దేశాల ప్రభుత్వాలకు ఇంత ముందుచూపు లేదు. అవి వరద వచ్చాక వరద గురించి, కరువు వచ్చాక కరువు గురించి ఆలోచిస్తాయి. కరువు సంగతి కరువే చూసుకుంటుంది, రాబోయే తరాలు మనల్ని చూసి నవ్వకుండా చూడటమే అసలైన అభివృద్ధి అని ఉపమంత్రి శ్రీ కొండలరావు గారు గిద్దలూరు రైల్వే స్టేషను ఎదుట మైకు పట్టుకుని చెప్పారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. పత్రికకు వార్తలు పంపేవాణ్ని కాబట్టి ముందు వరసలోనే ఉన్నాను.

ఈ ఆలోచన ఉపమంత్రి గారికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఆయన పెళ్లినాటి ఫొటో ఒకటి వాళ్ల గోడకు ఉంది. అందులో ఆయన మోకాళ్లు దాటిన కోటు, తలపాగా, పాదాలకు తెల్ల మేజోళ్లు వేసుకుని, పూలకుండీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. దాన్ని చూసి ఇంట్లో పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారట. ఇంకొకరైతే ఫొటో తీసి అటక మీద పడేసేవారు. ఆయన రాష్ట్రం మొత్తానికీ కమిటీ వేయించారు.

మొదటి విడతగా గిద్దలూరును ఎంచుకోవడం మన అదృష్టం. కమిటీలో ఉపమంత్రి గారు కాక ఇద్దరు సభ్యులు. ఒకరు సమితి ప్రెసిడెంటు ఎర్రయ్య గారు, రెండోవారు బ్లాకు అభివృద్ధి అధికారి విశ్వాసం గారు. పార్టీ కార్యకర్త అంకయ్య సభ్యుడు కాదు గానీ, సభ్యులకన్నా ముందు వచ్చి కూర్చునేవాడు. కమిటీ తేల్చిన జాబితాను మార్కాపురం పలకరాతిమీద చెక్కించి పంచాయతీ కట్టడం గోడకు బిగిస్తారు. ఆ రాతిమీద పేరెక్కిన ప్రతిదీ ఆ కట్టడం ఖాళీ చేసి పోవాలని విశ్వాసం గారు ఆర్డరు కూడా తయారుచేశారు.

ఆ కట్టడానికి ఒక వైపు గదిలో ప్రెసిడెంటు గారి ఆఫీసు ఉంది. రెండో వైపు గదిలో అబ్బాస్ అలీ కుట్టుమిషను ఉంది. నాలుగైదు తాలూకాల్లో గొట్టం ప్యాంటు కుట్టాలంటే అబ్బాస్ అలీయే కుట్టాలి. కంభం నుంచి, అర్ధవీడు నుంచి కుర్రకారు బస్సెక్కి వచ్చి కొలతలిచ్చి పోయేవారు. ప్యాంటులోకి కాళ్లు దూర్చడానికి ఒక మనిషి, లాగడానికి ఇంకో మనిషి కావాలి. అంత బిగువుగా కుట్టేవాడు. ఆర్డరు సంగతి విన్ననాడు అతను మిషను ఆపేసి, నా దగ్గరకు వచ్చాడు.

"అన్నా, మా నాయన ఆ గదిలోనే కుట్టినాడు. నేను పుట్టింది గూడా ఆ అరుగు మీదనే. ఇప్పుడు పొమ్మంటే యాడికి పోవాల?"

కంగారు పడొద్దు, ప్రభుత్వం అన్నీ ఆలోచించే చేస్తుందని ధైర్యం చెప్పాను. అతను ఇంకా కంగారు పడ్డాడు.

కమిటీ ముసాఫిరు బంగళాలో కూర్చోవాల్సింది. అది కారుతున్నందువల్ల ప్రెసిడెంటు గారి ఇంటి హాల్లో కూర్చుంది. లోపలి మాటలు రాయి ఆవిష్కరించేదాకా బయటికి పొక్కనివ్వనని నాచేత ప్రమాణం చేయించి, పత్రికల తరఫున నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. హైదరాబాదు నుంచి కాగితాలు ఇంకా రాలేదు. అందుకని విశ్వాసం గారు జాబితాను బడిపిల్లల పలక మీద బలపంతో రాశారు. గొట్టం ప్యాంట్లు, నల్లకళ్లద్దాలు, బుట్టచేతుల రవికలు, సినిమా వరుసల్లో కట్టిన పాటలు, ముందుకు ఎత్తి దువ్వే క్రాపు. చూస్తూనే ఉపమంత్రి గారికి కడుపు నిండిపోయింది.

"మొదట నల్లకళ్లద్దాలు తీసుకుందాం. నీడలో కూడా పెట్టుకుని తిరుగుతున్నారు. ఇది ఏం మోజండీ? చదవండి విశ్వాసం గారూ, దాన్ని గురించి ఏం రాశారో."

విశ్వాసం గారు చదవలేదు. నల్లకళ్లద్దాల్లోంచి బలపం గీతలు ఆయనకు ఆనడం లేదు.

"సార్, ఇది మోజు కాదు. కంటికి చలువ. డాక్టరు పెట్టుకోమన్నాడు."

"ఏ డాక్టరు?"

"మా బావమరిది సార్. పశువుల డాక్టరు."

వైద్యసలహా మోజు కిందికి రాదని ఉపమంత్రి గారు రూలింగిచ్చారు. అంకయ్య తన ఖద్దరు కండువా కొస నీళ్లలో ముంచి పలక మీద ఆ లైను తుడిచాడు.

తర్వాత బుట్టచేతుల రవికలు వచ్చాయి. సరిగ్గా అదే సమయానికి ప్రెసిడెంటు గారి భార్య వెంకటసుబ్బులమ్మ గారు కాఫీ గ్లాసులు తెచ్చారు. ఆవిడ రెండు బుట్టచేతులూ ద్వారబంధానికి తగలకుండా పక్కకు తిరిగి లోపలికి వచ్చారు.

"ఏందో బుట్టలు అంటాండారు?" అని అడిగారు.

ప్రెసిడెంటు గారు కాఫీ ఊదుకుంటున్నారు.

"మేదరోళ్ల బుట్టలు అక్కా. కుటీర పరిశ్రమ," అన్నాడు అంకయ్య, కండువా నీళ్లలో ముంచుతూ.

సినిమా వరుసల పాటల దగ్గర మాత్రం ఉపమంత్రి గారు పట్టు విడవలేదు. దేవుడి భజనలు కూడా సినిమా వరుసల్లో పాడుతున్నారని, వింటుంటే దేవుడికే ఎక్కడున్నానా అని అనుమానం వస్తుందని బాధపడ్డారు. అప్పుడు అంకయ్య గొంతు సవరించుకుని, మొన్నటి ఎన్నికల్లో ఉపమంత్రి గారి మీద తాను కట్టిన పాట ఎత్తుకున్నాడు. దాని వరుస ఊళ్లో అందరికీ తెలుసు. హోటళ్లలో గ్రామఫోను అరిగిపోయేదాకా వేసిన వరుస అది. పల్లవి రెండోసారి వచ్చేసరికి ఉపమంత్రి గారే వేళ్లతో తాళం వేస్తున్నారు. అది ప్రజాచైతన్యం అని తేలింది. క్రాపు గురించి చర్చే జరగలేదు. కలెక్టరు గారి క్రాపు అలాంటిదే.

పలక మీద గొట్టం ప్యాంట్లు ఒక్కటే మిగిలాయి. ఆ గదిలో అందరూ పంచెలవాళ్లే, విశ్వాసం గారిది వదులు ప్యాంటు. అబ్బాస్ అలీని పిలిపించారు. అతను చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ ప్యాంటు పాతికేళ్లు నిలుస్తుందా?" అని ఉపమంత్రి గారు అడిగారు.

"ఏది నిలుస్తాదో నాకేం తెలుసు సాబ్? కర్నూలు రాజధాని అన్నారు. నేనే తోరణాలు కుట్టినా, జెండాలు కుట్టినా. మూడేండ్లు తిరిగేసరికి అది గూడా హైదరాబాదుకు పాయె. అప్పుడు ఏ కమిటీ ఎయ్యకపోతిరి. నా ప్యాంటు మీద ఎందుకు సాబ్?"

రాజధానిని ప్యాంటుతో పోల్చడం ఏం మర్యాద? నాకైతే ఒళ్లు మండింది. ఉపమంత్రి గారు మాత్రం పెద్ద మనసుతో నవ్వి, తీర్పు మర్నాడు చెబుతామన్నారు. అబ్బాస్ అలీ గుమ్మం దిగుతూ నావైపు చూశాడు. నేను ప్రమాణం చేసినవాణ్ని, ఎటో చూశాను.

మర్నాడు పగటి బండికి ఉపమంత్రి గారి పుత్రరత్నం హైదరాబాదు నుంచి దిగాడు. కాలేజీలో చదువుతున్నాడు. అతని గొట్టం ప్యాంటు ముందు అబ్బాస్ అలీ ప్యాంట్లు గోనెసంచులు. స్టేషను నుంచి ప్రెసిడెంటు గారి ఇంటికి జట్కాలో కూర్చోలేక నిలబడే వచ్చాడు. భోజనాల పంక్తిలో అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పుత్రరత్నం విస్తరి ముందు నిలబడి నెయ్యి వడ్డించేదాకా ఆలోచించాడు.

"కూర్చో బాబూ, అన్నం చల్లారిపోతాది," అని ప్రెసిడెంటు గారు మర్యాద చేశారు.

బాబు మర్యాద నిలబెట్టాడు. హాలంతా వినపడేలా ప్యాంటు వెనక నుంచి చప్పుడు వచ్చింది. పంక్తిలో ఎవరూ తలెత్తలేదు. పప్పు చాలా బాగుందని విశ్వాసం గారు రెండుసార్లు అన్నారు.

అబ్బాస్ అలీని పరుగున పిలిపించారు. తలుపు వెనక పుత్రరత్నం తువ్వాలు చుట్టుకుని నిలబడితే, అబ్బాస్ అలీ నేలమీద కూర్చుని సూదితో ప్యాంటు కుట్టాడు. కుట్టు కనబడకుండా కుట్టాడు. ఇచ్చేటప్పుడు ఉపమంత్రి గారికి దణ్ణం పెట్టాడు.

"సాబ్, బాబు గూడా తొడుక్కున్నాడు గదా. ఇంక మా గది మాకు వదిలేస్తారా?"

"రాయి చెబుతుంది," అన్నారు ఉపమంత్రి గారు గంభీరంగా.

అతను బయటికి వెళ్లగానే గొట్టం ప్యాంటు యువశక్తికి చిహ్నమని తీర్మానమైంది. అంకయ్య కండువా మళ్లీ తడిపాడు. ఇప్పుడు పలక మీద ఏమీ లేదు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆవిష్కరణకు ముహూర్తం పెట్టేశారు, దండలకు చెప్పేశారు. మార్కాపురంలో రాయి చెక్కే గౌస్ మొహిద్దీన్ పైన శీర్షిక, అడుగున పెద్దల పేర్లు చెక్కి, మధ్యలో జాబితాకు చోటు వదిలి కబురుకోసం కూర్చున్నాడు. పేర్ల చివర తన పేరు కూడా చిన్న అక్షరాలతో వేయించమని అంకయ్య అందరి కాళ్లూ పట్టుకుని ఒప్పించుకున్నాడు. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని కమిటీ తలలు పట్టుకుంది.

"గొర్రెలోళ్ల గొంగళి ఎయ్యండి. అది మనలో ఎవురూ కప్పుకోరు," అన్నాడు అంకయ్య.

"గొర్రెలోళ్ల ఓట్లు మీ నాయన ఏస్తాడా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"అయితే సంగటి?"

"నోరు ముయ్ రా. తాలూకా మొత్తం పొద్దున లేచి తినేదదే."

మన ప్రాంతంలో ఉన్న ప్రతి మోజుకూ ఓటు గానీ, బంధువు గానీ ఉన్నట్టు ఆ రోజు రుజువైంది. జాబితా ఖాళీగా ఉండటమే మన జనం సంస్కారానికి గుర్తని ఉపమంత్రి గారు ముగింపు పలికారు. ముందే తెలిస్తే సభకు జనం రారు కాబట్టి గుట్టుగా ఉంచాలన్నారు. 'జాబితా లేదు. ఉన్నది పంపుము' అని మార్కాపురానికి తంతి కొట్టారు.

ఆ రాత్రే కాదు, సభ దాకా అబ్బాస్ అలీ నన్ను ఎక్కడ కనబడితే అక్కడ ఆపాడు. "ఒక్క మాట చెప్పన్నా, ఉంటామా పోతామా? పిల్లలకు అన్నం మెతుకులు గొంతు దిగడంల్యా." చిన్నప్పుడు ఇద్దరం ఒక్క బెంచీ మీద చదువుకున్నాం. అయినా మాట మాటే. పత్రికా ధర్మం అనేది ఒకటి ఉంటుంది, అది అందరికీ అర్థం కాదు.

సభనాటి పొద్దున గౌస్ మొహిద్దీన్ లారీలో రాయి తెచ్చాడు. అప్పటికే కొత్త దుప్పటి చుట్టి ఉంది. అనుకున్నదానికన్నా చాలా పొట్టిగా కనిపించింది. ఏమిటని అడిగాను.

"మధ్యలో ఏం రాసేది లేదంటిరి గదా అన్నా. మా మార్కాపురంలో రాయి ఖాళీగా వదిలేది పాపం. మధ్య ముక్క కోసేసినా. బడిపిల్లలకు ఎన్ని పలకలైనాయో! పైది, కిందిది కలిపి సిమెంటుతో అతికినా. అతుకు చూడు, వెంట్రుక దూరదు."

పని నాణ్యతకు నేను మెచ్చుకున్నాను. ప్రభుత్వ సొమ్ముతో చదువు కూడా పెరిగిందని ఉపమంత్రి గారు సంతోషించారు. దుప్పటి విప్పి చూడటం శాస్త్రం కాదని, ముహూర్తానికే విప్పాలని అంకయ్య అడ్డం నిలబడ్డాడు. రాయిని పంచాయతీ కట్టడం గోడకు బిగించారు.

సభకు జనం విరగబడి వచ్చారు. వచ్చినవాళ్లలో సగం మంది గొట్టం ప్యాంట్లే కాబట్టి కూర్చోకుండా నిలబడ్డారు. గది ముందు ఎద్దులబండి ఆగి ఉంది. రాతిమీద పేరుంటే వెంటనే ఖాళీ చెయ్యాలి గనక, అబ్బాస్ అలీ ముందే కుట్టుమిషను, కత్తెర్లు, కొలబద్ద, తండ్రినాటి ఇస్త్రీపెట్టె బండికెక్కించి ఉంచాడు. అతని భార్య లాల్‌బీ పిల్లల్ని పట్టుకుని చక్రం పక్కన నిలబడి ఉంది.

ఉపమంత్రి గారు తాడు లాగారు. దుప్పటి జారింది. అప్పటికి ఆయన మెడలో దండలు కళ్లదాకా ఉన్నాయి. విశ్వాసం గారి నల్లకళ్లద్దాలకు అక్షరాలు ఎలాగూ ఆనవు. మైకులో చదివే గౌరవం నాకు దక్కింది. నేను గొంతెత్తి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివాను.

"కాలానికి నిలవని మోజులు. శ్రీ కొండలరావు గారు, ఉపమంత్రి. శ్రీ ఎర్రయ్య గారు, సమితి ప్రెసిడెంటు. శ్రీ విశ్వాసం గారు, బ్లాకు అభివృద్ధి అధికారి. అంకయ్య, కార్యకర్త."

బండి దగ్గర నుంచి అబ్బాస్ అలీ గొంతు వినబడింది.

"అంతేనా అన్నా? ఇంకేం ల్యా?"

"అంతే," అన్నాను మైకులోనే.

తన పేరు మొదట వినబడినందుకు ఉపమంత్రి గారి ముఖం వెలిగిపోయింది. దండలు సర్దుకుని మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ రాతిమీద ఉన్నవాటిని ఒక్కసారి బాగా చూడండి. ఇంతకాలం వీటిని నెత్తిన పెట్టుకుని ఊరేగాం. ఇక చాలు! ఈ కట్టడం నుంచే కాదు, ఈ రాష్ట్రం నుంచే వీటిని వెళ్లగొట్టేదాకా మీరు నిద్రపోవద్దు!"

నేను ఎన్నో సభలు చూశాను. అన్ని చప్పట్లు ఎక్కడా వినలేదు. నిలబడ్డవాళ్లు ఎగిరి మరీ కొట్టారు, కొన్ని ప్యాంట్లు చినిగిన చప్పుడు కూడా వినబడింది. అంకయ్య ఆనందం పట్టలేక తన పాట ఎత్తుకున్నాడు. ఉపమంత్రి గారు కళ్లనీళ్లు పెట్టుకుని, చేతులు జోడించి అలాగే నిలబడిపోయారు.

ఆ గోలలోనే అబ్బాస్ అలీ, లాల్‌బీ చెరోవైపు పట్టి మిషను కిందికి దించారు. ఇస్త్రీపెట్టె, కత్తెర్లు లోపల పెట్టారు. బండివాడు కాడి ఎత్తి ఎద్దుల్ని మళ్లించబోతుంటే అబ్బాస్ అలీ అరుగు మీద నుంచి కేకేశాడు.

"బండి పోనీయాకు అన్నా! ఆ పక్క గదిలో ప్రెసిడెంటు గారి బీరువా ఉంది గదా."