లీటరుకు సగటున పద్నాలుగు

పాతబడిన ఖరీదైన కారు లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడవాలన్నది మెకానిక్కులు తేల్చే విషయం కాదనీ, సగటులు తీయడం తెలిసినవాళ్లు మాత్రమే తేల్చవలసిన విషయమనీ ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేస్తున్నాను.

ఈ మాట అనే అర్హత నాకుంది. అనంతపురం సగటుల కార్యాలయంలో ముప్పై రెండేళ్లు పనిచేసి, సీనియర్ సగటుల సహాయకుడిగా రిటైరయ్యాను. (అలాంటి ఆఫీసు ఒకటుందని మీకు తెలియకపోతే అది మా పనితీరుకు నిదర్శనం.) ఎక్కడ ఎంత వాన పడిందో, కరువు ఉందో లేదో కాగితం మీద తేల్చడం మా పని. అన్నేళ్లూ ఆఫీసు జీపు వెనక సీట్లో, రిజిస్టర్ల కట్టల మధ్య మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని తిరిగాను. అందుకే రిటైరైన నెలలోనే బెంగళూరు పోయి పద్దెనిమిదేళ్ల పాత జర్మనీ కారు కొన్నాను. తోలు సీట్లు, చెక్క నగిషీ, మీట నొక్కితే వెనక అద్దానికి దానంతట అదే లేచే తెర. ఆ కారంటే నాకు ప్రాణం. సిగ్గు విడిచి చెబుతున్నాను, పొద్దున లేస్తూనే దేవుడి పటం కన్నా ముందు దాని మొహమే చూస్తాను.

చిక్కల్లా ఒక్కటే. అది లీటరుకు ఐదున్నర ఇస్తుంది.

"నెల రోజులు టైమిస్తాండా," అంది మా ఆవిడ నాగలక్ష్మి. "లీటరుకు పది రావల్ల. రాకుంటే ఆ బళ్లారి బ్రోకర్‌కు ఫోన్ చేసి అమ్మేసేదే. మళ్లా నన్ను ఏమీ అనొద్దండి."

మెకానిక్ ఫక్రుద్దీన్ బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి నేల మీద తట్టాడు. ఎర్రమట్టి కుప్పగా పడింది.

"సార్, గార్లదిన్నె మన్నంతా దీంట్లోనే ఉండాది. ఫిల్టరు మార్చల్ల, ప్లగ్గులు మార్చల్ల. అప్పుడు ఏడొస్తాది. దేవుడొచ్చినా ఏడుకు మించి రాదు."

క్షేత్రస్థాయి సిబ్బంది ఎప్పుడూ ఇలాగే నిరాశగా మాట్లాడతారని నాకు అనుభవం. అతని అభిప్రాయాన్ని ఫైల్లో పెట్టి, ఇంటికి వచ్చి గృహ ఇంధన పొదుపు సంఘాన్ని ఏర్పాటు చేశాను. అధ్యక్షుడు నేను, కార్యదర్శి నేను, ప్రజాప్రతినిధి నాగలక్ష్మి. (ఆమె సమావేశానికి రాలేదు. రాకపోవడాన్ని సమ్మతిగా నమోదు చేశాను.)

మొదటి తీర్మానం ప్రకారం కారులో అనవసరపు బరువులు దించేశాం. స్టెప్నీ, జాకీ, కారుతో పాటు వచ్చిన లావుపాటి పుస్తకం, గొడుగు. మా జిల్లాలో గొడుగు మోయడం వృథా అన్నదానికి నా దగ్గర ముప్పై రెండేళ్ల లెక్కలున్నాయి. రెండో తీర్మానం ఏసీని నిషేధించింది. కిటికీలు తెరిస్తే గాలి అడ్డుపడి మైలేజీ తగ్గుతుందని ఎక్కడో చదివాను కనుక మూడో తీర్మానం వాటినీ మూసేసింది. ఈ రెండూ కలిపి మే నెలలో అమలు చేస్తే గార్లదిన్నె పోయి వచ్చేసరికి నేను కిలోన్నర తగ్గాను. ఆ తగ్గుదలను కారు ఖాతాలో వేశాను. ప్రయాణికులు తమ బరువును స్వయంగా ధ్రువీకరిస్తూ నింపవలసిన నమూనా–3ను నాగలక్ష్మికి ఇస్తే, వెనకవైపు "ముందు మీ పొట్ట దించి రాపోండి" అని రాసి తిరిగిచ్చింది.

ఇంత చేసినా ఆరు దాటలేదు. గడువుకు ఇంక ఐదు రోజులే మిగిలాయి. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అప్పుడు గుర్తొచ్చింది, నేను కారుతో తంటాలు పడుతున్నానే తప్ప లెక్కను ముట్టుకోనేలేదని.

ఆఫీసులో మేం ఏనాడూ వాన కోసం కష్టపడలేదు. ఒక సబ్ ఆఫీసులో (ఊరు చెప్పను) వర్షమాపకం సరిగ్గా డాబా మీది నీళ్ల ట్యాంకు కింద ఉండేది. మోటారు ఆపడం మరిచిపోయినప్పుడల్లా ట్యాంకు పొర్లి అందులో పడేది. మాపకంలో ఉన్నది ఉన్నట్టు రాయాలని నియమం. ఆ ఏడు చుట్టుపక్కల పొలాలన్నీ ఎండిపోయినా మా పుస్తకంలో మంచి వాన పడింది. "కొరత లేదు" అని రాసి సంతకం పెట్టింది నేనే.

అదే పద్ధతిలో కారుకూ నమూనా దారిని ఎంచుకొన్నాను. చీట్లు వేసి, ఎవరి ప్రమేయమూ లేకుండా ఎంచాను. (నాకు కావలసిన దిబ్బ దారి నాలుగోసారికి వచ్చింది.) దిబ్బ ఎక్కేటప్పుడు కారు మీటరు లీటరుకు నాలుగు చూపింది. దిగేటప్పుడు తొంభై తొమ్మిది చూపింది. రెండూ కలిపి సగం చేస్తే యాభై ఒకటిన్నర. మరీ అత్యాశగా ఉంటుందని, అణకువ గల మనిషిని కాబట్టి, పద్నాలుగని రిజిస్టర్లో ఎక్కించాను.

నాగలక్ష్మి ఆ పేజీని రెండుసార్లు చూసింది. "రేపు బెళుగుప్పలో మా చెల్లెలి ఇంటి గృహప్రవేశం. కార్లోనే పోదాం. సరిగ్గా ముహూర్తానికి చేరిస్తే కారు ఉంటాది. లేకుంటే లేదు."

పది లీటర్లు పోయించాను. పద్నాలుగు లెక్కన నూట నలభై కిలోమీటర్లని రిజిస్టర్లో ఎక్కించాను. పోను రాను సరిపోయి ఇంకా మిగలాలి. నలభై దాటగానే పెట్రోలు ముల్లు అడుక్కి వాలింది. ఎర్ర దీపం వెలిగింది.

"అదేందో వెలుగుతాండాది," అంది నాగలక్ష్మి, ఒళ్లో పాలగిన్నె పట్టుకొని, చెమటలు కక్కుతూ.

"ముల్లు చెప్పేది క్షేత్ర సమాచారం. రిజిస్టర్లో ఉన్నదే అధికారిక సమాచారం," అన్నాను.

దారిలో వచ్చిన పెట్రోలు బంకును ఆ నమ్మకంతోనే దాటించాను. యాభై ఐదో కిలోమీటరు దగ్గర, గాలిమరలు తిరుగుతున్న ఒక బీడు పక్కన, అధికారిక సమాచారం అంతా ట్యాంకులో ఉండగానే కారు ఆగిపోయింది.

ముహూర్తానికి ముప్పావు గంట ఉంది. నీడ లేదు. గొడుగు ఇంట్లో ఉంది. కాసేపటికి మోపెడ్ మీద ఒక రైతు వచ్చి ఆగాడు. తలగుడ్డ విప్పి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, నువ్వు వాన లెక్కల సారువి కాదూ? నేను తిమ్మప్పను. ఈడ ఏం చేస్తాండావు?"

గుర్తుపట్టాను. "పెట్రోలు అయిపోయింది తిమ్మప్పా."

నాగలక్ష్మి కార్లోంచి రిజిస్టరు తీసి అతని చేతిలో పెట్టింది. తిమ్మప్ప వేలు పెట్టి నిదానంగా చదివాడు.

"యాడ అయిపోయింది సారూ? పది లీటర్లకు నూట నలభై కిలోమీటర్లు వస్తాదని రాసినావే!"

"రాశాను గానీ..."

"ఆ యేడు మా చెనిక్కాయ పంటంతా మాడిపోయింటే, ఎండిన చెట్లు పీక్కొని మీ ఆఫీసుకొచ్చినాం. బుక్కులో వాన పడిందే, చూసుకోపోండని ఇట్లే చూపిస్తివి. చూసుకొని పోతిమి." రిజిస్టరు మూసి నాకే ఇచ్చాడు. "ఇప్పుడు నువ్వూ చూసుకో. దీంట్లో ఉండేదాన్ని పోసుకొని పో."

నాకు చాలా సిగ్గేసింది. కానీ సిగ్గుకు రిజిస్టర్లో గడి లేదు.

"అమ్మా, నువ్వు కూచో. ముహూర్తానికి దింపుతా," అన్నాడు తిమ్మప్ప. నాగలక్ష్మి పాలగిన్నెతో మోపెడ్ ఎక్కింది. "బళ్లారికి ఫోన్ చేసేది నేను. మీరు మెల్లగా రండి," అంది పోతూ పోతూ.

దుమ్ము అణిగాక రిజిస్టరు తెరిచాను. తేదీ వేశాను. నడిచిన దూరం యాభై ఐదు, నిల్వ ఆరు లీటర్ల చిల్లర. కింద "కొరత లేదు" అని రాసి, సంతకం చేసి, కారు తోయడం మొదలుపెట్టాను.