దేవదానం లేవలేదు

ఆ రోజు పొద్దున్నే దేవదానం పెట్టుకున్న పని ఒక్కటే, గట్టు చెక్కడం. గణపవరం అవతల, కొల్లేటి వైపు పల్లంలో అతనికి అరెకరం చేను ఉంది. వాళ్ళ వంశంలో అంతకుముందు ఎవరికీ సెంటు భూమి లేదు. ఇన్నాళ్ళూ పరుల గట్లు చెక్కినవాడు మొదటిసారి తన గట్టు తాను చెక్కుకోబోతున్నాడు. ఆ ముచ్చట కొద్దీ ముందురోజే కొలిమికి పోయి, తండ్రి వాడిన పాత పారకు పదును పెట్టించాడు.

బయలుదేరేటప్పుడు భార్య హన్నమ్మ చెప్పనే చెప్పింది. "ఏవండీ, పైపైన గడ్డి గీకి ఊరుకోండి. వేళ్ళ జోలికి పోకండి. వానాకాలం గట్టుకి ఆ వేళ్ళే బలమండీ."

"నాకు నేర్పుతున్నావా? నేను పార పట్టేనాటికి నువ్వింకా పుట్టలేదు" అన్నాడు. పెళ్ళాం చెప్పింది సబబేనని తెలిసినప్పుడు మగవాడు వయసు సంగతే ఎత్తుతాడు.

పరుల గట్టయితే పై గడ్డి గీకేసి ఇంటికి పోయేవాడే. సొంతది కావడంతో చెయ్యి ఆగలేదు. ఇటు చెక్కాడు, అటు చెక్కాడు, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయి మళ్ళీ చెక్కాడు. గట్టు పెళ్ళికొడుకు గడ్డంలా నున్నగా తయారైంది. సగానికి సగం సన్నబడింది కూడా. ఆ నునుపులో ఓ ఎండ్రకాయ బొరియ బయటపడింది. ఎంత లోతుందో చూద్దామని అందులోకి కర్ర దూర్చాడు. కర్ర అవతలికి పోయింది. అది పోయిన దారినే, గట్టు అవతల పారే పిల్లకాలవ, అదే పంట బోదెలోని నీళ్ళు ఇవతలికి వచ్చాయి.

ఇవతల ఉన్నది ఆకుమడి. మొలకెత్తిన విత్తనాలు నిన్ననే చల్లాడు. అవింకా వేరు పట్టలేదు. మడిలోకి నీరు చేరిందా, మొలకలన్నీ తేలి ఓ మూలకి కొట్టుకుపోతాయి. ఇంట్లో ఇక విత్తనం గింజ లేదు, అంటే ఈ ఏడు పంటే లేదు. దేవదానం గబగబా వంగాడు. మట్టి పెళ్ళ అడ్డం పెడితే కరిగిపోయింది. తలగుడ్డ కుక్కితే నీళ్ళు దాన్ని నెట్టేశాయి. పైపంచె కుక్కాడు, అదీ తేలుకుంటూ మడిలోకి పోయింది. ఇక దారి లేక తానే పోయి ఆ బొరియకు అడ్డంగా చతికిలబడ్డాడు. నీరు ఆగింది.

ఆగింది సరే, ఇప్పుడు లేవడం ఎలా?

సరిగ్గా అప్పుడే గట్టు వెంట నరసరాజు గారు వచ్చారు. ఆయన ఊళ్ళో పెద్ద రైతు. దేవదానం తండ్రి బతికినన్నాళ్ళూ ఆయన చేలల్లోనే మట్టి మోశాడు. "నీకెందుకోయ్ సొంత చేను? నిలబెట్టుకోగలవా?" అని దేవదానాన్ని నలుగురిలో అన్నదీ ఆయనే. రాజుగారు వస్తుంటే కూర్చున్న కూలివాడు లేచి నిలబడడం అక్కడి ఆనవాయితీ. దేవదానం లేవలేదు.

"ఏమోయ్, నేను కనబడటం లేదా?"

"కనబడుతున్నారండి."

"మరి లేవవేం?"

బొరియ సంగతి చెబితే ఆయన ఆనాడన్న మాటే నిజమవుతుంది. దేవదానం ఊపిరి బిగబట్టి, "లేవనండి" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక అలాంటి మాట వినని నరసరాజు గారు తిన్నగా దేవదానం వాళ్ళ పేటలోని మిషను బడికి పోయి పంతులు నిత్యానందాన్ని నిలదీశారు. "మీ దేవదానం నన్ను చూసి లేవనన్నాడు. ఏం నేర్పుతున్నారండీ మీరు?"

ఉప్పు సత్యాగ్రహం ఇంకా అందరి నోళ్ళలో నానుతున్న రోజులవి. కొత్తగా ఖద్దరు కట్టిన నిత్యానందం కళ్ళు మెరిశాయి. "లేవనన్నాడా? అదీ పంట బోదె పక్కన కూర్చునా? అయితే సర్కారు వేసే నీటి పన్ను, ఆ తీరువా మీద సత్యాగ్రహమండీ అది!"

చూస్తూండగానే ఊరంతా గట్టు మీదికి వచ్చిపడింది. పంతులు బంతిపూల దండ వేసి, "మన పేట పేరు నిలబెట్టావయ్యా! ఎవరేమన్నా లేవకు" అన్నాడు.

"లేవనండి" అన్నాడు దేవదానం. అంతకన్నా నిజం అతను జన్మలో చెప్పలేదు.

కాలవ నీళ్ళకి సర్కారు తరఫున కాపలా ఉండే లస్కరు ఇమాం సాహెబ్ రొప్పుతూ వచ్చాడు. "బాబ్బాబు, పైవాళ్ళకి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. లేవవయ్యా!"

"లేవలేను సాహెబుగారూ."

"చూశారా పట్టుదల!" అని జనం జేజేలు కొట్టారు. అతని కింద నుంచి నీరు సన్నగా పాకుతూనే ఉంది. నాలుగు మొలకలు అప్పుడే తేలాయి. వాటిని చూసి దేవదానానికి కన్నీళ్ళు ఆగలేదు. అదంతా దేశభక్తే అనుకుని పంతులు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంతలో చద్దన్నం ముంతతో హన్నమ్మ వచ్చింది. నున్నటి గట్టునీ, తేలుతున్న మొలకల్నీ, మొగుడి మొహాన్నీ చూసింది. వంగి గుసగుసగా, "వేళ్ళు కూడా చెక్కేశారా?" అంది.

"చెక్కేశానే" అన్నాడు చిన్నపిల్లాడిలా.

హన్నమ్మకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగి జనం వైపు తిరిగింది. "ఏవండీ పంతులు గారూ, ఇంత చేస్తున్న మనిషిని బురదలో కూర్చోబెడతారా? అరుగు కట్టొద్దా? తలో తట్ట బంకమట్టి వెయ్యండి. ముందు బోదె వైపు నుంచి వెయ్యండి."

నీళ్ళు దూరేవైపు మూస్తే ఆ నీళ్ళే మట్టిని లోపలికి అదుముతాయి. ఆ సంగతి దేవదానానికీ తెలుసు. కంగారులో తోచలేదు, అంతే. జనం తట్టలు తెచ్చారు, గడ్డి కలిపారు, తొక్కారు. అందరూ మోస్తుంటే ఒక్కరే ఊరికే నిలబడితే దేశద్రోహి అంటారని నరసరాజు గారు కూడా పంచె ఎగగట్టి ఓ తట్ట ఎత్తారు. రాజుగారు మట్టి మోసుకొచ్చి తన గట్టు మీద పోస్తుంటే దేవదానం కళ్ళప్పగించి చూశాడు. ఇది చూడ్డానికి అయ్య లేకపోయాడే అనుకున్నాడు.

గట్టు మునుపటికి రెండింతలైంది. ఇమాం సాహెబ్ చేతులు కట్టుకుని, "ఇంతకీ కోరిక ఏమిటమ్మా? పైవాళ్ళు అడిగితే చెప్పాలి కదా" అన్నాడు. ఆ మాట అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. పంతులు నోరు తెరిచేలోపే హన్నమ్మ అందుకుంది.

"ఈ గట్టు నిలవాలండి. అంతే."

సాహెబ్ కాలితో గట్టిగా తొక్కి చూశాడు. "నిలిచిందిగా!"

దేవదానం లేచాడు. అతని వెనక బురదనీ, మడిలో తేలుతున్న పైపంచెనీ చూసి నరసరాజు గారికి అంతా అర్థమైంది. కానీ తానూ ఓ తట్ట మోశారాయె, ఇంకెవరితో చెబుతారు? దేవదానం మొదటిసారి ఆయనకు ఎదురుగా, తన గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయనే పక్కకు తప్పుకుని వెళ్ళిపోయారు.

ఆ ఏడు ఆ చుట్టుపక్కల చాలామంది సత్యాగ్రహం చేశారు గానీ, కోరిక తీరాక లేచినవాడు దేవదానం ఒక్కడే.