ఉన్న కారుకి బండి చేర్చుట

లైసెన్సు ఆఫీసుని తిట్టేవాళ్ళకి కుటుంబం విలువ తెలియదు! కోపంతో అంటున్న మాట కాదిది, నిండు మనసుతో అంటున్నాను. మనుషుల్ని ఇంటిపట్టున ఉంచే సంస్థ ఈ రోజుల్లో అదొక్కటే మిగిలింది.

మీరు నవ్వుతారని తెలుసు. కానీ ఆలోచించండి. చదువు పిల్లల్ని గడప దాటిస్తుంది. పెళ్ళి దాటిస్తుంది. ఉద్యోగం సంగతి సరేసరి. రైళ్ళూ బస్సులూ పుట్టిందే అందుకు. "ఇవాళ కాదు, రేపు రండి" అని మనిషిని మళ్ళీ మన ఇంటికే పంపేది ఎవరు?

నా మనవరాలు పశువుల డాక్టరు. కూతురి కూతురే అయినా నా దగ్గరే పెరిగింది. కారు లైసెన్సు ఎప్పుడో తీసుకుంది. ఇప్పుడు ఎక్కడో కొండల మీద ఉద్యోగం వచ్చింది. అక్కడి దారులు మేకలకే ఇరుకట! మోటార్ సైకిల్ లైసెన్సు ఉంటేనే చేర్చుకుంటామన్నారు.

"ఉన్న లైసెన్సుకే ఇంకోటి చేర్చడం అమ్మమ్మా! ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా" అంది. పైగా నాకో ఆశ కూడా పెట్టింది. "బండి నా పనికి, కారు నీకు. ఆదివారం ఆదివారం వచ్చి నిన్ను కార్లో ఆ కొండల అంచుదాకా తీసుకెళ్తా."

"వెళ్ళొస్తా" అన్న మాట మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మా గుమ్మంలో నిలబడి ఆ మాట చాలామంది అన్నారు. వెళ్ళడం వరకు అందరూ మాట నిలబెట్టుకున్నారు.

అందుకే సూట్‌కేసు అటక దిగి హాల్లోకి వచ్చిన రోజు నాకు ముద్ద సయించలేదు. ఆ ఆఫీసే నన్ను ఆదుకుంది.

మొదట కంప్యూటర్ అడ్డుపడింది. "మీకు ఇప్పటికే లైసెన్సు ఉందా?" అని అడిగింది. ఉందంటే, "అయితే కొత్తది అక్కర్లేదు" అని బయటకి సాగనంపింది. లేదంటే, "మీకు ఉంది, అబద్ధం చెప్పడం నేరం" అంది. ఇంత నిక్కచ్చి మనిషి మా చుట్టాల్లో ఒక్కరైనా ఉన్నారా?

ఆ తర్వాత కౌంటర్లో ఉన్నాయన ట్రాఫిక్ గుర్తుల పరీక్ష మళ్ళీ రాయమన్నాడు.

"ఎర్ర లైటుకి ఆగాలని తెలుసండీ. కారు కొన్నప్పటినుంచీ ఆగుతూనే ఉన్నా" అంది మనవరాలు.

"అది కారు ఎరుపు మేడమ్. ఇది బండి ఎరుపు" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

ఎంత సూక్ష్మబుద్ధి! జుట్టు నెరిసింది గానీ ఎరుపులో రెండు రకాలుంటాయని నాకు అంతవరకు తెలియనే తెలియదు. పరీక్ష పై వారానికి పడింది. ఆ వారమంతా సూట్‌కేసు మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకున్నాం. బల్లలా ఎంత ఉపయోగపడిందో!

ఇక అసలు పరీక్ష. బండి మనమే తీసుకెళ్ళాలి. లెర్నర్స్ కార్డు ఇంకా ప్రింటు కాలేదు కాబట్టి నడపకూడదు. పక్కింటాయన బండి అడిగి తెచ్చి, ఆఫీసు దాకా తోసుకుంటూ పోయాం. హ్యాండిల్ మనవరాలిది. వెనకాల ఊరికే వేసిన చెయ్యి నాది.

"పెట్రోల్ అయిపోయిందా పిన్నిగారూ?" అని దారిలో ఒకాయన జాలిపడ్డాడు.

"నిండా ఉంది నాయనా. నడపడానికి మాకింకా అర్హత రాలేదు."

ఆ మాట పూర్తయ్యేలోపే ఒకే బండి మీద ముగ్గురు కుర్రాళ్ళు మమ్మల్ని రాసుకుంటూ దూసుకుపోయారు. వాళ్ళకి ఏ పరీక్షా లేదు. ఆఫీసుకి వచ్చేవాళ్ళనే కదా ఆఫీసు పరీక్షించగలిగేది!

అక్కడ కాలు కింద పెట్టకుండా బండితో ఎనిమిది అంకె వెయ్యాలట. నేను గోడ పక్కన నిలబడి, "కాలు పెట్టవే తల్లీ, పెట్టు" అని గుండెల్లోనే గొణుక్కున్నాను. సరిగ్గా ఎనిమిది నడుమన ఒక కుక్క వచ్చి పడుకుంది. మా పశువుల డాక్టరు ఊరుకుంటుందా? బండి ఆపి, దిగి, దాని కుంటికాలు పట్టుకుని చూసింది.

"కుక్క పరీక్షలో లేదు మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రేపు రండి."

ఆయనకి దండ వేద్దామనిపించింది.

"నీకెందుకమ్మమ్మా అంత సంతోషం?"

"ఎండ తగ్గింది కదే!" అన్నాను.

కానీ ఎన్ని మంచి అడ్డంకులైనా ఎంతకాలం నిలుస్తాయి? ఓ రోజు ఎనిమిది వేసేసింది. కార్డు వచ్చింది. అందులో మోటార్ సైకిల్ ఉంది. కారు లేదు!

"చేర్చమంటే తీసేశారేంటండీ?"

"కొత్తది ఎక్కించేటప్పుడు ఒక్కోసారి పాతది పోతుంది మేడమ్. కంగారేం లేదు, కారుని మళ్ళీ చేర్చుకోవచ్చు. ముందు ట్రాఫిక్ గుర్తుల పరీక్ష రాయాలి."

"మళ్ళీ కారు ఎరుపా?"

"అవునండీ."

ఉద్యోగంలో చేరే గడువు ముంచుకొచ్చింది. సూట్‌కేసు బండి వెనక కట్టుకుని, "వెళ్ళొస్తా అమ్మమ్మా" అని వెళ్ళింది. కారు షెడ్డులో ఉండిపోయింది. మనవరాలికి సెలవు ఆదివారం ఒక్కటే. ఆదివారం ఆఫీసుకీ సెలవే. వస్తే బండి మీద రావాలి, నా మోకాళ్ళు బండి ఎక్కవు.

అందుకని కారుని మళ్ళీ చేర్పిద్దామని నేనే వెళ్ళి కౌంటర్ ముందు నిలబడ్డాను.

"ఆవిడే రావాలి బామ్మగారూ" అన్నాడాయన.

"అది రాలేకే కదా నేనొచ్చింది!"

"రూలండీ."

"అయితే నాకే ఇవ్వు నాయనా, ఒక కారు లైసెన్సు. ఎరుపులు రెండూ వచ్చు నాకు."

ఆయన నన్ను చూశాడు. కంప్యూటర్ని చూశాడు. "సర్వర్ డౌన్. రేపు రండి" అన్నాడు.

మనవరాలికి చెప్పినన్నాళ్ళూ ఆ మాట నా చెవికి అమృతం. నా ముఖాన చెప్పాక గానీ దాని రుచి తెలియలేదు. అయినా ఆఫీసు గొప్పతనం గురించి నేనన్నదాంట్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. ఆ ఆఫీసు పెద్దలకి ఒక్కటే మనవి. "రేపు" అనే ముందు ఎదుటి మనిషి వయసు కాస్త చూడండి. మా వయసువాళ్ళ దగ్గర ఆ సరుకు డబ్బా అడుక్కి వచ్చేసింది.

రేపు మళ్ళీ పోతాను. కౌంటరాయనకి "వెళ్ళొస్తా" అని చెప్పి మరీ వచ్చాను. ఆ మాట నిలబెట్టుకునే మనిషి ఒక్కరైనా ఉండొద్దా!