పొక్లెయిన్‌కు జ్వరం

ఆ ఉదయం సర్వీస్ ఇంజనీరు దేవీప్రసాద్ వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికేమీ లేదు. హుకుంపేట వెళ్ళే కొండ రోడ్డు మీద మొరాయించిన పొక్లెయిన్‌కు సెన్సారు మార్చడం, అరకులో బొంగు చికెన్ తినడం, తర్వాత రైల్లో అద్దాల పెట్టెలో కూర్చుని టైడా దగ్గర సొరంగాలను ఫోటోలు తీసుకుంటూ విశాఖపట్నం దిగిపోవడం. సెన్సారుకు అరగంట కేటాయించాడు. చికెన్‌కు గంటన్నర. దేనికెంత విలువివ్వాలో తెలిసిన మనిషి. ఫోటోల కోసం కొత్త తెల్ల చొక్కా కూడా వేసుకున్నాడు.

రోడ్డు మీద మాత్రం అంత ఉల్లాసం లేదు. వానలకు కొండచరియ జారి దారంతా మట్టి కప్పేసింది. దాన్ని తొలగించాల్సిన పొక్లెయిన్ బకెట్ నేలకానించి అలిగినట్టు కూర్చుంది. దాని వెనక పసుపు, అల్లం బస్తాలతో జీపులు బారులు తీరాయి. సంత చరియకు అవతల ఉంది, ఆసుపత్రీ అవతలే. ఇవతల ఉన్నది కోపం ఒక్కటే.

"బేగి సూడండి సార్. సంత దాటిపోతే ఈళ్ళు నన్నిదే మట్టిలో కప్పెట్టేత్తారు" అన్నాడు కాంట్రాక్టరు తరఫున పని చూసే సూపర్‌వైజర్ ధనుంజయ్.

ఆపరేటర్ కొండబాబు తన గోడు చెప్పుకున్నాడు. "మొదలెట్టినప్పుడు బాగానే ఉంటాది సార్. నాలుగు బకెట్లు తీసేసరికి స్క్రీన్ మీద హైడ్రాలిక్ ఆయిల్ టెంపరేచర్ నూట ఐదని వత్తాది. కీకీమని అరుత్తాది. ఇంజను దానంతటదే నీరసపడిపోద్ది. కాసేపాపితే మళ్ళీ మామూలే. మీరు ఫోన్లో సెప్పినట్టు నిన్న ఆయిలంతా మార్చేం, అయినా ఇదే వరస."

"సెన్సార్ పోయింది" అన్నాడు దేవీప్రసాద్. అప్పటికాయన ఇంకా కారు దిగలేదు.

దిగి పాత సెన్సారు పీకి కొత్తది బిగించాడు. నాలుగు బకెట్లయ్యాక నూట ఐదు. మరో కొత్తది బిగించాడు. నూట ఐదు. అప్పుడు తన టెంపరేచర్ గన్ తీసి, చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారని నిర్ధారించుకుని, ఆయిల్ ట్యాంకు మీదికి గురిపెట్టాడు. నలభై ఐదు.

"చూశారా? ఆయిల్ చల్లగానే ఉంది. మిషన్ లేని వేడి ఊహించుకుంటోంది. ఈ గన్ అబద్ధం చెప్పదు" అన్నాడు.

ఇక మిగిలింది వైరింగ్. వైరు వెంట చూసుకుంటూ పోవాలంటే ట్యాంకు వెనక గ్రీజులోకి దూరాలి. దేవీప్రసాద్ ఒకసారి ఆ గ్రీజును చూశాడు, ఒకసారి తన చొక్కాను చూసుకున్నాడు. లోపం స్క్రీన్‌లోనే ఉందని శాస్త్రీయంగా తేల్చేశాడు. "ఆఫీసుకు ఫోన్ చేసి కొత్త స్క్రీన్ పంపమనండి."

ఆ కొండ మీద సిగ్నల్ దొరికేది మలుపులో ఉన్న ఒక బండ మీదనే. ధనుంజయ్ బండెక్కి లోయంతా వినబడేలా అరిచాడు. "ఒకపాలి ఎక్కుతాది, ఒకపాలి దిగుతాది సార్! నూట ఐదు! ఒకటే వణుకు! ఇంజనీరుగారు సూసేరు, ఆయన వల్ల కావట్లేదు!"

బండ కింది జీపులో అల్లం బస్తాల మీద కూర్చున్న దేముడమ్మ ఇదంతా విని గుండె మీద చెయ్యేసుకుంది. "ఏ తల్లి కన్న బిడ్డో, నూట ఐదు జొరమంట" అని పక్కవాళ్ళకు చెప్పింది. అంతటితో ఊరుకుంటే ఆమె మంచితనానికి అర్థమేముంది? డ్రైవరు ఫోన్ తీసుకుని, అదే బండ ఎక్కి, ఇవతలి ఊళ్ళో ఆరోగ్య సబ్‌సెంటర్ నర్సు జయశ్రీకి కబురందించింది.

ఏజెన్సీలో వానాకాలం జ్వరమన్న మాట వినబడితే జయశ్రీ అన్నం ముందునుంచైనా లేచిపోతుంది. సంచీతో స్కూటర్ మీద వచ్చి ధనుంజయ్‌ని పట్టుకుంది.

"నూట ఐదు ఎవరికి?"

"అదిగోండి మేడమ్, పొద్దున్నుంచీ కదల్లేదు" అని అతను పొక్లెయిన్ చూపించాడు. క్యాబిన్‌లో కొండబాబు మెడ వాల్చేసి కునుకు తీస్తున్నాడు.

"వణుకుందా?"

"వణుకా! కింద రాళ్ళు దొర్లిపోతన్నాయి."

"మందేమైనా ఇచ్చారా?"

"ఇంజనీరుగారు నిన్న ఫోన్లో సెప్పినట్టు పాతదంతా కిందికి దించేసి కొత్తది ఎక్కించేం."

"ఏటీ, రక్తమా? ఇంజనీరు చెప్తేనా?"

"దానికి రక్తం లాంటిదే కదా మేడమ్."

"ఎంతెక్కించారు?"

"ఒక డ్రమ్ము."

జయశ్రీ పక్కనున్న రాయి మీద కూలబడింది. ఈ మనిషికి కూడా జ్వరం వచ్చి తలకెక్కిందని ఆమెకు అర్థమైపోయింది. అంటే రోగులు ఇద్దరు. వెంటనే ఆ సిగ్నల్ బండ ఎక్కి అంబులెన్సును పిలిచింది. క్యాబిన్ ఎక్కి కొండబాబును లేపి, సంచీలోంచి జ్వరం చూసే గన్ తీసి నుదుటికి పెట్టింది. మామూలుగానే ఉంది. "ఇప్పుడు జ్వరం దిగే టైమన్నమాట" అనుకుని మరీ కంగారుపడింది. "అందరూ వరసలో నిలబడండి, రక్తం చూడాలి" అని ఆజ్ఞాపించింది. సంతకు వెళ్ళాల్సిన జనం వేళ్ళు చాపుకుని నిలబడ్డారు. మట్టికి అవతల అంబులెన్సు వచ్చి కూతపెట్టింది. ఇవతల జీపుల హారన్లు జవాబిచ్చాయి.

"ముందు ఆ ఇంజనీరును పిలవండి. డ్రమ్ము ఎక్కించమన్న మహానుభావుణ్ణి చూడాలి" అంది జయశ్రీ.

దేవీప్రసాద్‌కు లోకంలో భయమంటూ ఉన్నది ఒక్క సూదంటేనే. చిన్నప్పుడు టీకాల రోజున అటక ఎక్కి దాక్కున్న మనిషి. ఇక్కడ అటక లేదు. పొక్లెయిన్ పక్క తలుపు తెరిచి, ట్యాంకు వెనక్కి దూరి, తలుపు వేసేసుకున్నాడు. గ్రీజు తెల్ల చొక్కాను ఆప్యాయంగా కౌగిలించుకుంది.

లోపల ఊపిరి బిగబట్టి ఫోన్ లైటు వేశాడు. సరిగ్గా ముక్కు ముందు సెన్సారు వైరు కనబడింది. ఇనుప పట్టీకి రాసుకుని రాసుకుని దాని తొడుగు ఊడిపోయింది, లోపలి రాగి మెరుస్తోంది. మిషన్ అదిరినప్పుడల్లా రాగి ఇనుముకు తగులుతోందన్నమాట. తగిలిన ప్రతిసారీ స్క్రీన్ దాన్ని వేడి అనుకుంటోంది. జేబులోంచి టేపు తీసి చుట్టాడు, వైరును పట్టీకి దూరంగా లాగి కట్టాడు. బయటికొచ్చి గంభీరంగా అన్నాడు: "స్టార్ట్ చెయ్యి."

నాలుగు బకెట్లయ్యాయి. పది అయ్యాయి. స్క్రీన్ మీద నలభై ఆరు. జనం చప్పట్లు కొట్టారు.

"ఇలాంటి లోపాలు పైపైన చూస్తే దొరకవు. లోపలికి దిగాలి. అంకితభావం కావాలి" అని దేవీప్రసాద్ ఉపన్యాసం అందుకున్నాడు.

జయశ్రీ నెమ్మదిగా ధనుంజయ్ వైపు తిరిగింది. "అయితే జ్వరం దీనికా?"

"మరి ఇంతసేపూ నానేటి సెప్పేను మేడమ్?"

ఆమె ముఖం ఎర్రబడింది. ఆ కోపంలో ఎదురుగా ఉన్న నుదుటికి గన్ పెట్టి నొక్కింది. అది ఉపన్యాసకుడి నుదురు. నూట రెండు.

"మీ గన్ తప్పు. దాని సెన్సార్ మార్చండి" అన్నాడు దేవీప్రసాద్.

జయశ్రీ సంచీలోంచి మరోటి తీసింది. నూట రెండు. దేవీప్రసాద్ ఆమెను జాలిగా చూసి, తన సొంత గన్‌ను నుదుటికి గురిపెట్టుకున్నాడు. దాని సెల్సియస్ లెక్కలో ముప్పై తొమ్మిది. రెండూ ఒకటేనని అక్కడ తెలిసిన వాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"సార్, వైరెక్కడైనా రాసుకుంటందేమో సూడండి" అన్నాడు కొండబాబు క్యాబిన్‌లోంచి, ఎంతో శ్రద్ధగా.

అప్పుడు గమనించుకున్నాడు దేవీప్రసాద్, తన మోకాళ్ళు వణుకుతున్నాయి. సూది భయమనుకున్నాడు. సూది గుచ్చి చూస్తే మలేరియా అని తేలింది. గుచ్చేటప్పుడు ఆయన పెట్టిన కేకకు దేముడమ్మ దగ్గరకొచ్చి తల నిమిరింది. "ఓరి నాయనా, ఆ బిడ్డవి నువ్వేనేటిరా" అంది, తన మాట నిజమైనందుకు కాస్త తృప్తిగా.

కొండబాబు మట్టి తోసేసి దారి చేశాడు. అంబులెన్సు ఇవతలికొచ్చి, గ్రీజు చొక్కాతో వణుకుతున్న దేవీప్రసాద్‌ను ఎక్కించుకుని ముందు కదిలింది. దాని వెనకే అల్లం జీపులు సంతకు బయల్దేరాయి.

ధనుంజయ్ మళ్ళీ ఆ బండ ఎక్కి ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"మిషన్ ఓకే సార్. ఇంజనీరుగారే బ్రేక్‌డౌన్."