పిల్లిబుట్ట దిగిందా?

అమెరికా పెత్తనాన్ని తిట్టేవాళ్లంతా కృతఘ్నులు! వాళ్లలో ఒక్కరైనా సౌదీలోని అల్ ఖోబర్‌లో వంటపని చేసి చూశారా? చేసి ఉంటే ఆ పెత్తనం నీడలో బతుకు ఎంత హాయిగా ఉంటుందో తెలిసేది.

లేకపోతే ఏమిటండీ! మామూలు దేశాలు తమ సరిహద్దుల్ని తాము కాపాడుకుంటాయి. ఆ మాత్రం ఎవరైనా చేస్తారు. సముద్రాలు దాటి వచ్చి, అడగనివాళ్లను కూడా కాపాడే ఓపిక ఇంకెవరికుంది? సముద్రంలో వాళ్ల ఓడలు, ఆకాశంలో వాళ్ల విమానాలు, మాల్‌లో వాళ్ల బర్గర్లు. మనిషి జన్మకు ఇంకేం కావాలి?

ఈ భాగ్యాన్ని అందరికంటే దగ్గరగా అనుభవించింది మహబూబ్బీ. ఊరు రాయచోటి. చుట్టూ ఎత్తైన గోడలున్న కాంపౌండులో ఒక అమెరికన్ ఇంజనీరు ఇంట్లో వంట చేస్తుంది. ఆ ఇంట్లో సారు, మ్యాడమ్, సెనేటర్ ఉంటారు. సెనేటర్ అంటే పిల్లి. సాల్మన్ చేప తప్ప ఇంకోటి ముట్టదు.

అసలు సౌకర్యమంతా ఆ పిల్లి దగ్గరే ఉంది. గల్ఫ్‌లో యుద్ధం వస్తుందా రాదా అని టీవీల్లో మేధావులు గంటలకొద్దీ అరుచుకుంటారు. ఆ ఊళ్లోనే అల్ అజీజియా పేటలో ఉండే మన తెలుగువాళ్లకు ఆ గోల అక్కర్లేదు. ప్రమాదం ఉంటే అమెరికా తన మనుషులకు ముందే కబురు పెడుతుంది. కాబట్టి మహబూబ్బీకి ఒక్క ఫోన్ కొడితే సరిపోతుంది.

"అక్కా, పిల్లిబుట్ట దిగిందా?"

సెనేటర్‌ను ప్రయాణాల్లో తీసుకెళ్లే ఆ బుట్ట అలమర మీదే ఉంటే ప్రపంచం చల్లగా ఉన్నట్టు. మ్యాడమ్ దాన్ని కిందికి దించి దుమ్ము దులిపిందంటే మాత్రం ఎవరి సామాను వాళ్లు సర్దుకోవాలి. ఇంత చవకైన నిఘా సంస్థ ఏ ప్రభుత్వానికైనా ఉందా, చెప్పండి!

ఒకసారి చిన్న పొరపాటు జరిగిన మాట నిజమే. బుట్ట దిగింది. మహబూబ్బీ కంగారుపడి, అజీజియాలో బట్టలు కుట్టే స్నేహితురాలు పర్వీన్ చెవిన వేసింది. మధ్యాహ్నానికల్లా దుకాణాల్లో నీళ్లసీసాలు అయిపోయాయి. ఏసీ మెకానిక్ చెంచయ్య భార్యాబిడ్డల్ని దొరికిన విమానం ఎక్కించి, సోఫానూ ఫ్రిజ్జునూ పక్కింటి పాకిస్తానీకి ధారపోశాడు. సాయంత్రం సెనేటర్ పళ్లు శుభ్రం చేయించుకుని తీరిగ్గా ఇంటికొచ్చాడు. వెళ్లింది డాక్టరు దగ్గరికట! చెంచయ్య ఇప్పటికీ నేలమీద కూర్చునే తింటున్నాడు. చల్లటి నీళ్లు కావాలంటే పక్కింటి తలుపు కొడుతున్నాడు.

శాస్త్రమన్నాక సవరణలు తప్పవు. బుట్ట ఒక్కటే దిగితే పళ్ల డాక్టరు, దాంతోపాటు గోడమీది ఫ్యామిలీ ఫొటోలు కూడా దిగితే యుద్ధం అని అందరూ కలిసి తీర్మానించారు.

అయితే ఈసారి మహబూబ్బీకి ఆ గోడవైపు చూడాలంటేనే భయం పట్టుకుంది. కూతురు షబానాకు నెలలు నిండాయి. తొలి కాన్పు. పుట్టిన బిడ్డ నాలుక మీద మొదటి తేనెచుక్క అమ్మమ్మే పెట్టాలని షబానా పట్టుబట్టింది. ఆమెను ఆ ఇంట్లో పనికి పెట్టిన కంపెనీ సెలవిచ్చింది. ఊరెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా చేతికొచ్చింది. శుక్రవారం దమ్మామ్ నుంచి విమానం. తేనెసీసాను పెట్టెలో బట్టల మధ్య భద్రంగా సర్దుకుంది.

"నాయనా, శుక్రవారం దాకా యాడికీ పోవాకు," అని బతిమాలుతూ సెనేటర్‌కు ఇంకో చేపముక్క వేసేది. యుద్ధం చేయాలో వద్దో తేల్చేది అతనే అయినట్టు!

బుధవారం పొద్దున గోడ బోసిపోయింది.

మ్యాడమ్ మంచి మనిషి. మహబూబ్బీని కావలించుకుని ఏడ్చింది. "డోంట్ వర్రీ, వియ్ విల్ కీప్ యూ సేఫ్," అంది. కాకపోతే ఆ మాట కారెక్కాక, కిటికీలోంచి అంది. మొక్కలకు నీళ్లు పోయమని ఇంటి తాళాలు చేతిలో పెట్టింది. చూశారా ఆ నమ్మకం! అంతటి అగ్రరాజ్యం తన కొంపను రాయచోటి మనిషికి అప్పగించి వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఆకాశం మూసేశారు. ఎవరు ఎవరి మీద, ఎందుకు బాంబులు వేస్తున్నారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆకాశాన్ని ఎట్లా మూస్తారో కూడా మొదట అర్థం కాలేదు. టికెట్ క్యాన్సిల్ అయిందని మెసేజ్ వచ్చాక అర్థమైంది.

అందరికంటే ముందు ఫోన్ చేసింది చెంచయ్య. "అక్కా, నీ పుణ్యాన నా పెండ్లాం బిడ్డలు ముందే ఊరు చేరినారు. నిన్నెంత తిట్టుకుంటినో, ఏమనుకోవాకు!" అన్నాడు. మహబూబ్బీ ఏమీ అనుకోలేదు. ఫోన్ పెట్టేసి మొక్కలకు నీళ్లు పోసింది.

శనివారం షబానాకు ఆడబిడ్డ పుట్టింది. తేనె వాళ్ల అత్తగారు పెట్టింది. వీడియోలో ఆ చిట్టినోరు కదలడం చూసి మహబూబ్బీ వంటింట్లో కూలబడి ఏడ్చింది. సాటి మనిషన్నవాడు చూడలేని ఏడుపు అది. ఇందులో నవ్వడానికేమీ లేదు, నవ్వించబోవడమూ తప్పే.

షబానా కూడా ఏడుస్తూనే అడిగింది. "కంపెనీవోళ్లు సెలవిచ్చిరి. మ్యాడమ్ పొమ్మనె. టికెట్ కూడా తీసుకుంటివి. మరి నిన్ను రాకుండా ఆపింది ఎవురుమా?"

మహబూబ్బీ కొంగుతో ముఖం తుడుచుకుని, నిజంగానే ఆలోచించింది.

"ఎవురూ ఆపలేదు తల్లీ. ఆపాలంటే నేనొకదాన్ని ఉండానని వాళ్లకు తెలిసుండాల గదా!"