పూజలో పెట్టిన పంపు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ నడక మానేసి సైకిళ్లెక్కి చాలాకాలమైంది. తొక్కడం వచ్చింది గానీ బాగుచేసుకోవడం ఎవరికీ రాలేదు. ఎక్కడ చూసినా గాలిపోయిన టైర్లే.

ఆ సమయంలో రవాణా మంత్రి పదవి ఖాళీ అయింది. నక్క జంబులింగానికి నోరూరింది. సింహం ముందు చేతులు కట్టుకుని, "ఏలినవారు సెలవిస్తే దసరానాడు ఉచిత సైకిల్ రిపేరు శిబిరం పెడతాను. జనం బాగా వస్తారు," అంది.

"పెట్టు. నా కళ్లముందు ఒక్క బండి బాగుపడితే పదవి నీదే. లేకపోతే తోడేలుకిచ్చేస్తా," అంది సింహం.

ఇక జంబులింగం కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు! సేవ చెయ్యడానికి కోతుల్ని పోగేసింది. పాపం, ముళ్లపంది కూడా ఉత్సాహంగా వచ్చింది గానీ, దాన్ని టైర్ల దరిదాపులకు రానివ్వలేదు. తర్వాత గడపగడపా తిరిగి పంపులు, స్పానర్లు, ప్యాచీలు, ఆఖరికి సొల్యూషన్ ట్యూబులతో సహా ఊడ్చుకొచ్చింది.

"రెండు పంపులు చాలవుటండీ?" అంది ఒక కోతి.

"నీ మొహం! ఫొటోలో నిండుగా కనిపించొద్దూ?"

దసరా రానే వచ్చింది. షామియానా కింద సామానంతా గుట్టపోసి, పసుపు కుంకాలు పెట్టి, బంతిపూల దండలేశారు. తాబేలు కూర్మయ్య తాత ఆయుధపూజ చేసి హారతిచ్చింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

అంతలో సింహం సైకిలు మీద వేంచేసింది. జంబులింగం ఎదురెళ్లి, దిష్టి పోవాలని చక్రం ముందే కొబ్బరికాయ కొట్టింది. ఆ చిప్ప పెంకు కాస్తా టైర్లో దిగబడి, గాలి బుస్సుమంది.

జంబులింగం గుండె జారిపోయింది. మరుక్షణమే ప్రాణం లేచొచ్చింది. బాగుచెయ్యడానికి సాక్షాత్తూ రాజుగారి బండే దొరికిందే!

"ఒరేయ్, ప్యాచీ తేరా! పంపు తేరా!"

కోతులు చేతులు వెనక్కి పెట్టుకున్నాయి. కూర్మయ్య తాత చెంపలేసుకుంది. "హవ్వ! పూజలో పెట్టిన పనిముట్టు ఇవాళ ముట్టుకుంటావుటయ్యా? రేపు ఉద్వాసన చెప్పాకే!"

"పోనీ, పూజలో పెట్టని పంపు పట్రండి!"

"అడవిలో ఒక్కటి మిగిల్చారుటండీ తమరు?" అంది కోతి. రిపేరుకని పొద్దుటినుంచీ వరసలో నిలబడ్డ కుందేళ్లు కిసుక్కుమన్నాయి. జంబులింగానికి తల కొట్టేసినట్టయింది.

"మరి నేను గుహకెలా చేరాలి?" అని గర్జించింది సింహం.

చేసేదేముంది? జంబులింగం సైకిలు భుజానికెత్తుకుంది. గుట్ట ఎక్కేసరికి నాలుక బయటికొచ్చింది. తోడేలు మాత్రం పక్కనే ఈలవేసుకుంటూ నడిచింది.

గుహ దగ్గర సింహం మెచ్చుకోలుగా తలాడించింది. "శభాష్! ఇంత కష్టపడ్డవాడికి పదవి ఇవ్వకపోతే పాపం. మంత్రి తోడేలే. ఇవాళ్టినుంచి మా ఇద్దరి బండ్లూ మోసే అధికారివి నువ్వు."

నీతి: దణ్ణాలతో సరిపెట్టేవాడికి పదవి రాకపోదు, కాకపోతే అది నేరుగా భుజం మీదికే వస్తుంది.